కావ్యం దగ్గరికి వచ్చిన శాస్త్రాలు

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలానికి ఉత్తరపు పొలిమేర గోదావరి. నది వెంట కిందికి పోతే ధర్మపురి, ఇంకా దిగితే కోటిలింగాల వస్తాయి. దక్షిణానికి తిరిగితే కోరుట్ల, వేములవాడ, సిరిసిల్ల. జగిత్యాల నుంచి కరీంనగర్‌కు పోయే తోవలో గంగాధర, ఆ దగ్గరలోనే కురిక్యాల బొమ్మలగుట్ట. ఒక్కరోజులో చుట్టి రాగలిగిన ఈ నేల మీద తెలుగు, కన్నడ, సంస్కృత, ప్రాకృత సాహిత్యాల చరిత్రను తిరగరాయించిన ఆధారాలు ఉన్నాయి. వాటిని వెలికితీసినవాళ్ళు అలంకార శాస్త్రం చదివిన విమర్శకులు మాత్రమే కారు. శాసనాలు చదివేవాళ్ళు, నాణేలు ఏరేవాళ్ళు, ఊళ్ళు తిరిగి పాటలు రాసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ప్రాచీన కావ్యాన్ని సాహిత్యేతర శాస్త్రాల వెలుగులో చదివే పని తెలుగులో ఎలా మొదలైంది, ఎక్కడ ఫలించింది, ఎక్కడ దారి తప్పింది అని వెనుదిరిగి చూడటానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

మల్లినాథుని కట్టుబాటు

ఈ పద్ధతి పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసినప్పుడు ఒక్క అలంకార శాస్త్రంతో సరిపెట్టుకోలేదు. రాజు నడవడి గురించిన శ్లోకం వస్తే కామందకుని రాజనీతిని తెచ్చాడు. మాట అర్థం తేల్చడానికి నిఘంటువులను, రూపం సాధించడానికి పాణినీయాన్ని, శృంగారం వచ్చిన చోట వాత్స్యాయనుణ్ణి పిలిచాడు. కవికి లోకజ్ఞానమూ శాస్త్రజ్ఞానమూ ఉండాలని మమ్మటుడు చెప్పాడు. కవికి అవి అవసరమైతే, కవిని చదివేవాడికీ అవసరమే కదా.

మల్లినాథుడు తన వ్యాఖ్యకు రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిదేదీ రాయకూడదు, అక్కరలేనిదేదీ చెప్పకూడదు. మొదటిది శాస్త్రానికి సంబంధించిన నియమం, రెండోది కావ్యానికి సంబంధించిన నియమం. చరిత్రనో మనస్తత్వ శాస్త్రాన్నో అర్థశాస్త్రాన్నో కావ్యం దగ్గరికి తెచ్చినవాళ్ళందరినీ ఈ రెండు ప్రశ్నలూ అడగవచ్చు: నీ ఆధారం గట్టిదేనా? నీవు తెచ్చింది ఈ పద్యానికి కావాలా? గడచిన నూటముప్పై, నూటనలభై ఏళ్ళ తెలుగు విమర్శను ఈ కొలతతో చూస్తే గట్టి గింజ ఏదో, తాలు ఏదో తేలిపోతుంది.

శాసనం సాక్ష్యానికి వచ్చింది

కందుకూరి వీరేశలింగం పంతులు 1887 నుంచి వెలువరించిన ‘ఆంధ్ర కవుల చరిత్రము’ ఒక పెద్ద మలుపు. అంతకుముందు కవుల గురించి మనకున్నవి ఎక్కువగా చాటువులు, కట్టుకథలు. వీరేశలింగం అవతారికలను, వంశావళులను, అంకితాలను వరుసపెట్టి చదివి కాలనిర్ణయానికి పూనుకున్నారు. ఆ పనికి శాసన పరిశోధన తోడయింది. జయంతి రామయ్య పంతులు, కొమర్రాజు లక్ష్మణరావు, వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వెంకటరమణయ్య వంటి వారి చేతుల్లో రాతి మీది అక్షరం తాటాకు మీది అక్షరానికి సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. 848 నాటిదని చెప్పే పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ పద్యం, యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో మధ్యాక్కరలు బయటపడ్డాక నన్నయకు ముందు తెలుగు పద్యం లేదనే మాట నిలబడలేదు.

ఆ కథలో మన ప్రాంతపు వాటా చిన్నది కాదు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి కొలువులో పంపకవి 941 ప్రాంతంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు మహాభారత కథలోని అర్జునుణ్ణి, తన ఏలిక అరికేసరిని ఒక్కటి చేసి చెప్పాడు. ఆ కావ్యం ఒక భారతమూ, ఒక రాజచరిత్రా. రాష్ట్రకూటుల సామంత రాజకీయం తెలియనివాడు అందులో సగమే చదవగలడు. పంపని తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో కురిక్యాల బొమ్మలగుట్ట మీద జైన మూర్తులను చెక్కించి, వాటి కింద శాసనం వేయించాడు. అది సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు ఉన్నాయి. పంపని వంశం, తండ్రి భీమపయ్య, వేంగినాటి మూలాలు, అరికేసరి ఇచ్చిన ధర్మపుర అగ్రహారం, త్రిభువన తిలకమనే బసది (జైన ఆలయం), కవితాగుణార్ణవమనే చెరువు, మదనవిలాసమనే తోట అన్నీ అక్కడ నమోదయ్యాయి.

ఇది ఒట్టి తేదీల సంగతి అయితే చరిత్రకారులకు వదిలేయవచ్చు. కాని ఈ శాసనం నన్నయను చదివే తీరునే మారుస్తుంది. రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టే నాటికి, దాదాపు వందేళ్ళ ముందే, వేములవాడలో ఒక దేశభాషలో చంపూ భారతం వెలసింది. ఆ కవి కుటుంబం తెలుగులో కందం నడపగలిగింది. ఇన్ని భాషలు కలిసి బతికిన లోకం నన్నయ వెనక ఉంది. ఆయన కందానికి, వృత్తానికి వచ్చిన ఆ నిండుతనం శూన్యంలో పుట్టలేదు. శాసనశాస్త్రం ఇక్కడ మల్లినాథుని రెండు ప్రశ్నలకూ నిలబడింది. దానికి రాయి ఆధారం. అది నేరుగా పద్యపు గుణం గురించే మాట్లాడింది.

గంగాధరదీ అలాంటి ముచ్చటే. జైనాచార్యుడు సోమదేవసూరి ‘యశస్తిలకం’ అనే మహా చంపూకావ్యాన్ని 959లో గంగాధరలో పూర్తిచేశానని స్వయంగా చెప్పుకున్నాడు. అప్పుడు ఏలుతున్నవాడు అరికేసరి కొడుకు. మహారాష్ట్రలోని పర్భణిలో దొరికిన 966 నాటి రాగి రేకులు సోమదేవునికి వేములవాడ జినాలయం కోసం ఇచ్చిన దానాన్ని చెబుతాయి. కావ్యం చివరి మాటకూ రాగి రేకుకూ మధ్య పొత్తు కుదిరింది. రాజనీతి మీద ‘నీతివాక్యామృతం’ రాసిన సోమదేవుడు కవీ, శాస్త్రకారుడూ కూడా. ఆయన కావ్యాన్ని ఒక్క రసదృష్టితో చదివితే చాలదని ఆయన జీవితమే చెబుతున్నది.

నాణెం, నది, గాథ

కోటిలింగాల కథ ఇంకా వెనకటిది. వెల్గటూరు మండలంలో గోదావరి గట్టున ఉన్న ఈ ఊళ్ళో తొలి శాతవాహనుల నాణేలు, ముఖ్యంగా ఆ వంశానికి మూలపురుషుడైన సిముకుని పేరున్న నాణేలు బయటపడ్డాయి. పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని చదివి లోకానికి చాటారు. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల తొలి అడుగులు ఎక్కడ పడ్డాయన్న చర్చలో తెలంగాణకు చోటు దక్కింది.

ఆ వంశపు హాలుని పేర నిలిచిన ‘గాథాసప్తశతి’ని ఇప్పుడు తెరిచి చూడండి. అందులో గోదావరి మళ్ళీమళ్ళీ పలుకుతుంది. పత్తిచేలు, జనపచేలు, ఊరి పెద్ద కొడుకు, అత్త చాటున మాట్లాడే కోడలు, ఊరు దాటి పోయిన మగడు. పాత అలంకారికులు ఈ గాథలను ధ్వనికి ఉదాహరణలుగా వాడుకున్నారు. ఆనందవర్ధనుడు వాటి నుంచే ఎంతో నేర్చుకున్నాడు. పంటల కాలాలు తెలిసినవాడు చదివితే ఆ ధ్వని మరింత స్పష్టంగా వినిపిస్తుంది. చేను కోతకు వచ్చిందంటే ప్రేమికులకు చాటు పోతుందని అర్థం. ఆ సంగతి సాగు తెలిసినవాడికి విడమరచి చెప్పనక్కరలేదు. తిరుమల రామచంద్ర భాషాశాస్త్ర దృష్టితో ఈ గ్రంథంలోని తెలుగు మాటలను ఏరి ఒక పుస్తకమే రాశారు. నాణేల శాస్త్రం, వ్యవసాయ జ్ఞానం, భాషాశాస్త్రం మూడూ ఏడువందల చిన్న పద్యాల దగ్గర కలుసుకున్నాయి.

భూగోళం విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. పాలీ గ్రంథం ‘సుత్తనిపాతం’లో బావరి అనే వృద్ధుడు అస్సక దేశంలో గోదావరి తీరాన ఉంటూ, తన పదహారుగురు శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపిన కథ ఉంది. ఆ తావు మల్లాపూర్ వైపు నుంచి చూస్తే గోదావరి అవతల ఉన్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఈ గుర్తింపు మన ప్రాంతానికి గర్వకారణమే. కాని ఊరిపేర్ల పోలికను ఆధారంగా తీసుకున్నప్పుడు తవ్వకాల తోడు కోరాలి. గర్వం ముందుండి ఆధారం వెనకబడితే మల్లినాథుని మొదటి నియమం తప్పినట్టే. కావ్యాల్లోని గ్రహస్థితులను పట్టుకుని యుద్ధాల తేదీలు లెక్కగట్టేవాళ్ళకూ ఈ మాటే వర్తిస్తుంది.

కట్టమంచి తెచ్చిన గాలి

కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి తెలుగులో అర్థశాస్త్రం మీదా పుస్తకం రాశారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులయ్యారు. ఆయన 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ దాని కేంద్రం. భావనాశక్తి, కథలోని ఏకత్వం, పాత్రల మనఃప్రవృత్తి అనే కొత్త కొలతలు ఆయన తెచ్చారు. శ్లేషను, వర్ణనను చూసి మురిసిపోయే అలవాటును నిలదీశారు. పండితలోకంలో పెద్ద అలజడి రేగింది. ఆ అలజడి తెలుగు విమర్శకు మేలు చేసింది. పద్యాన్ని పద్యంగా మెచ్చుకోవడం నుంచి కావ్యాన్ని ఒక మొత్తంగా చూడటం అప్పుడే గట్టిగా మొదలైంది.

దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అదే కావ్యాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఇంగ్లీషులోకి తెచ్చారు. వాళ్ళ చేతిలో చరిత్ర, మానవశాస్త్రం, భాషాతత్త్వం ఉన్నాయి. కట్టమంచి ఆ కథలో ఏకత్వాన్ని చూసి మెచ్చుకుంటే, వీళ్ళు పదహారో శతాబ్దపు దక్షిణ భారతంలో మొలకెత్తిన కొత్త రకపు అంతరంగాన్ని, కథ చెప్పడమే జీవితాన్ని సృష్టించే విధానాన్ని చూశారు. మొదటి చదువులో సూరన ఆధునిక పాఠకుని పరీక్షలో నెగ్గిన కవి. రెండో చదువులో ఆయన తనదైన ఒక ఆధునికతకు సాక్షి. ఈ రెంటి మధ్య తేడాలోనే తెలుగు విమర్శ ఎదుగుదల ఉంది. బయటి కొలత తెచ్చి కావ్యానికి మార్కులు వేయడం తొలి మెట్టు. కావ్యమే కొలతను సవరించేలా చదవడం రెండో మెట్టు.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ పేరు ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కోసం వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన ఆ కవిని కాలంలో, సమాజంలో, మతాల ఘర్షణలో నిలిపి చూపారు. తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు స్వరకల్పన చేసిందీ ఆయనే. రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, పాడే తీరు మాత్రం పోయింది. సంగీతం తెలిసిన సాహితీవేత్త లేకపోతే అన్నమయ్య మనకు చదువుకునే కవిగానే మిగిలేవాడు.

1949: రెండు పుస్తకాలు

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. గోలకొండ పత్రికను నడిపి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చిన మనిషి ఆయన. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతకు మొక్కారు అన్నదే చరిత్ర అనుకున్నారు. దానికి ఆధారాల కోసం ఆయన వెళ్ళింది కావ్యాల దగ్గరికే. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి ఆయన చేతిలో జనజీవనపు దస్తావేజులయ్యాయి. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు, పూటకూటి ఇళ్ళు, వీరుల కథలు పాడే ఆడవాళ్ళు కళ్ళకు కట్టారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

సరిగ్గా అదే 1949లో అస్సాం పండితుడు కృష్ణకాంత హందికీ ఇంగ్లీషులో రాసిన ‘యశస్తిలకం - భారతీయ సంస్కృతి’ అనే మహాగ్రంథం షోలాపూర్‌లో అచ్చయింది. గంగాధరలో పుట్టిన చంపువును ఆధారం చేసుకుని పదో శతాబ్దపు మతాలు, రాజకీయం, వైద్యం, సమాజం మొత్తాన్ని ఆయన పునర్నిర్మించారు. ఇద్దరూ వేర్వేరు మూలల నుంచి ఒకే నమ్మకంతో పనిచేశారు: కావ్యం అబద్ధాల పుట్ట కాదు, అడిగే పద్ధతి తెలిస్తే నిజం చెబుతుంది. అంతకు ముందటేడే మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డిరాజ్యాల చరిత్రలో శ్రీనాథుణ్ణి ఇలాగే సాక్షిగా నిలిపారు. హరవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యసెట్టి దగ్గర హురుమంజి గుర్రాలు, సింహళపు ఏనుగులు, చీనా పట్టు ఉన్నాయని శ్రీనాథుడు చెప్పిన మాట వెనక హిందూ మహాసముద్రపు వాణిజ్యం మొత్తం ఉంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. వర్ణనను వార్తగా తీసుకుంటే పొరపాటు. పురవర్ణనలో ప్రతి మేడా ఆకాశాన్ని తాకుతుంది. అది కవిసమయం, కొలత కాదు. సురవరం గొప్పతనం ఏమంటే ఆయన అష్టాదశ వర్ణనల పటాటోపాన్ని వదిలి, కవి అనుకోకుండా జారవిడిచిన చిన్న వివరాలను పట్టుకున్నారు. చలికి పేదవాడు కప్పుకున్నదేమిటి, పిల్లలు ఆడిన ఆట పేరేమిటి అన్న చోట కవికి అతిశయోక్తి చేసే అవసరం లేదు. సాక్షిని ఎక్కడ నమ్మాలో తెలియడమే చరిత్రకారుని వివేకం.

ఊరి గొంతు, మాట నిర్మాణం

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా అచ్చయింది. ఊళ్ళలో పాడుకునే పాట విశ్వవిద్యాలయపు గడప దాటి లోపలికి వచ్చింది. జానపద విజ్ఞానం ప్రాచీన కావ్యానికి ఏం చేసిందో చూడాలంటే పండితారాధ్య చరిత్ర తీయాలి. శ్రీశైల యాత్రికులు పాడే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు అని పాల్కురికి వరసగా పేర్లు చెప్పాడు. గ్రంథాలు మాత్రమే చదివినవాడికి అది జాబితా. పాటలు సేకరించినవాడికి అది పదమూడో శతాబ్దపు గొంతుల పట్టిక.

సిరిసిల్ల ప్రాంతంలో ఇప్పటికీ ఒగ్గు పూజారులు మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతారు. ఒగ్గు కథను పెద్ద వేదికల మీదికి తెచ్చిన మిద్దె రాములుదీ, ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అనే సిద్ధాంత గ్రంథం రాసి తర్వాత జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డిదీ ఒకే ఊరు, హనుమాజీపేట. ఒకరు నోటి సంప్రదాయానికి, మరొకరు రాత సంప్రదాయానికి ప్రతినిధులు. ఈ రెంటినీ ఒకే తరగతి గదిలో చదివించగల అవకాశం ఈ జిల్లాల కళాశాలలకు ఉన్నంతగా మరొకరికి లేదు.

1960ల నుంచి భాషాశాస్త్రం వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి ధాతువుల చరిత్ర తేల్చారు. బూదరాజు రాధాకృష్ణ ప్రాచీన శాసనాల భాషను వర్ణించారు. కార్నెల్‌లో చదివి వచ్చిన చేకూరి రామారావు వాక్య నిర్మాణ సూత్రాలతో ‘తెలుగు వాక్యం’ రాసి, ఆ చూపునే కవిత్వం మీదికీ తిప్పారు. పద్యం ఎందుకు అలా నడుస్తుందన్న ప్రశ్నకు అభిరుచితో కాక నిర్మాణంతో జవాబు చెప్పడం వీళ్ళ వల్లే అలవడింది.

ఈ ప్రవాహానికి ఎదురు నిలిచిన గొంతును కూడా గౌరవంగా తలచుకోవాలి. 1950ల చివర కరీంనగర్‌లో కొత్తగా పెట్టిన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన విశ్వనాథ సత్యనారాయణ ‘నన్నయగారి ప్రసన్నకథాకలితార్థయుక్తి’, ‘అల్లసాని వారి అల్లిక జిగిబిగి’ వంటి పుస్తకాల్లో పద్యాన్ని పద్యపు లోపలి నుంచే చదివారు. ఏ శబ్దం ఎందుకు అక్కడ పడింది, ఒక విశేషణం మూడు ఆశ్వాసాల తర్వాతి కథను ఎలా సూచిస్తున్నది అని తరచి చూశారు. ఇతర శాస్త్రాలు తెచ్చేవాళ్ళందరూ ముందు ఇలా చదవడం నేర్చుకోవాలి. పద్యం చదవలేని చరిత్రకారునికి కావ్యం సగమే నోరు విప్పుతుంది.

వర్గం, కులం, స్త్రీ

1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు వేల మంది రైతుకూలీలు కదిలివచ్చారు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిందీ ఆ ఏడాదే. భూమి ఎవరిదన్న ప్రశ్న ఊరూరా లేచిన కాలంలో, రామాయణంలో రాజ్యం ఎవరిది, అడవి ఎవరిది అన్న ప్రశ్న లేవకుండా ఎలా ఉంటుంది? రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ 1974 నుంచి వెలువడింది. నార్ల వెంకటేశ్వరరావు ‘సీత జోస్యం’ నాటకం 1979లో వచ్చింది. వ్యవసాయం విస్తరించే సమాజానికీ, అడవి మీద బతికే సమాజానికీ జరిగిన ఘర్షణగా రామకథను నార్ల చూశారు. దాని వెనక మానవశాస్త్రం, పురాచరిత్ర ఉన్నాయి. వీటికి చాలా ముందే, 1920లో, త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూక వధ’ హేతువాదపు తొవ్వ వేసింది. సురవరం ‘రామాయణ విశేషాలు’ చారిత్రక చర్చకు తలుపు తీసింది.

ఈ రచనలు లేవనెత్తిన ప్రశ్నలు న్యాయమైనవి. పూజ్య గ్రంథాన్ని ప్రశ్నించే హక్కును అవి సాధించిపెట్టాయి. అయితే వాటిలో కొన్ని కావ్యాన్ని నిందితుని బోనులో నిలబెట్టి తీర్పు చెప్పడంతో ఆగిపోయాయి. ఇంత అన్యాయపు కథ ఇన్ని వందల ఏళ్ళు, అన్యాయానికి గురైన వాళ్ళ నోట కూడా, ఎందుకు పాటై నిలిచిందన్న ప్రశ్న మిగిలిపోయింది. దానికి జవాబు వెతికినవారిలో వెల్చేరు నారాయణరావు ముఖ్యులు. 1986 నాటి వ్యాసంలో ఆయన తెలుగు జానపద వీరగాథలను రెండు తెగలుగా విడదీశారు. పల్నాటి కథ, కాటమరాజు కథ వంటివి భూమితో ముడిపడ్డ కులాల యుద్ధగాథలు. కన్యక కథ వంటివి వర్తక కులాల ఆత్మబలిదాన గాథలు. కులం, ఉత్పత్తి, ఆడదాని స్థానం మారితే కథ ఆకారమే మారుతుందని చూపారు. 1991లో ఆడవాళ్ళ రామాయణ పాటల మీద రాసిన వ్యాసంలో ఊర్మిళ నిద్ర, శాంత కథ, కౌసల్య ప్రసవం పాడుకునే స్త్రీలు వాల్మీకిని కాదనకుండానే తమ రామాయణం తాము కట్టుకున్నారని నిరూపించారు. ఇక్కడ సమాజశాస్త్రం కథ రూపాన్నే వివరించింది. మల్లినాథుడు ఒప్పుకునే చదువు ఇది.

అదే 1991లో సూసీ తారు, కె.లలిత సంపాదకత్వంలో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ కథను కొత్తగా చెప్పింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించిన ఆ కావ్యం మరుసటేడు నిషేధానికి గురై, స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో విముక్తి పొందింది. అచ్చు చరిత్ర, చట్టం, వలస పాలకుల నీతి, స్త్రీవాదం కలిస్తే గాని ఒక కావ్యం మన చేతికి ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చిందో అర్థం కాలేదు.

2001లో నారాయణరావు, షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన పుస్తకం దిక్కునే మార్చింది. దక్షిణ భారతంలో చరిత్రరచన ప్రత్యేక ప్రక్రియగా లేదు, కథల్లో, కావ్యాల్లో కలిసి ఉంది, ఆ వాచకపు పోగు పట్టి చూస్తే ఏది చరిత్రో నాటి పాఠకునికి తెలిసేది అన్నారు. అప్పటిదాకా చరిత్రశాస్త్రం సాహిత్యాన్ని పరీక్షిస్తూ వచ్చింది. ఇప్పుడు సాహిత్యం చరిత్రశాస్త్రానికి ఒక పాఠం చెప్పింది. దీని మీద వాదోపవాదాలు జరిగాయి, జరగాలి కూడా.

ముందున్న పని

ఈ నడకలో ఒక జ్ఞానం ఇంకా బయటే ఉండిపోయింది. అది చేతివృత్తుల జ్ఞానం. బసవపురాణంలో పాల్కురికి వస్త్రాల పేర్లు వరసపెట్టి చెప్పాడు. పాత నిఘంటువులు అలాంటి మాటలకు వస్త్ర విశేషమనీ, ఆటల పేర్లకు క్రీడా విశేషమనీ రాసి ఊరుకున్నాయని సురవరం బాధపడ్డారు. డెబ్బై అయిదేళ్ళు దాటినా ఆ కొరత పూర్తిగా తీరలేదు. మగ్గం మీద పోగు నడక, అద్దకం, నేత బిగువు తెలిసిన పద్మశాలి పెద్దలు సిరిసిల్లలో ఉన్నారు. కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్ ఊళ్ళల్లో పసుపు, చెరుకు, వరి సాగు చేసినవాళ్ళు ఉన్నారు. హంసవింశతిలోని పనిముట్ల పేర్లు కమ్మరికి, వడ్రంగికి తెలిసినంతగా ఆచార్యునికి తెలియవు. మరమగ్గం వచ్చాక చేనేత మాటలు, ట్రాక్టరు వచ్చాక నాగలి మాటలు ఒక తరంతో పాటే పోతున్నాయి. వాళ్ళను సమాచారం ఇచ్చేవాళ్ళుగా కాక సహ వ్యాఖ్యాతలుగా కూర్చోబెట్టి పాల్కురికిని, శ్రీనాథుణ్ణి, ఆముక్తమాల్యదను చదవాలి. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. డిగ్రీ కళాశాల తెలుగు శాఖ, చరిత్ర శాఖ, చేనేత సహకార సంఘం ఒకచోట కూర్చుంటే మొదలుపెట్టవచ్చు.

కంప్యూటర్ కూడా తోడుంది. ఛందస్సు గుర్తించే సాఫ్ట్‌వేరు, వెతుక్కోదగిన కావ్యపాఠాలు, నిఘంటువులు ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఒక పదం ఏ కవి దగ్గర ఎన్నిసార్లు వచ్చిందో క్షణంలో తెలుస్తుంది. ఎందుకు వచ్చిందో మాత్రం చదివేవాడే చెప్పాలి. లెక్క ఆధారాన్ని ఇస్తుంది. అక్కర ఏమిటో నిర్ణయించేది సహృదయుడే.

కందుకూరి నుంచి నేటి దాకా తెలుగు విమర్శ ఏ శాస్త్రాన్ని కావ్యం దగ్గరికి తెచ్చినా, నిలబడిన పుస్తకాలన్నిటికీ ఒకే లక్షణం ఉంది. అవి తమ శాస్త్రాన్ని క్షుణ్ణంగా నేర్చుకున్నాయి, పద్యాన్ని ప్రేమగా చదివాయి, చివరికి పద్యం దగ్గరికే తిరిగి వచ్చాయి. ఒకే శాస్త్రం చాలునని భీష్మించినవీ, పద్యాన్ని సాకుగా వాడుకున్నవీ వాటి కాలంతోనే పోయాయి. కాబట్టి తెలుగు చదివే విద్యార్థికి శాసన లిపి, జానపద సేకరణ, భాషాశాస్త్రం, సామాజిక చరిత్ర తెలుగు పాఠంలో భాగంగానే నేర్పాలి. కురిక్యాల గుట్ట, కోటిలింగాల, వేములవాడ ఇంత దగ్గరలో ఉన్న జిల్లాల్లో ఈ చదువు మొదలుకాకపోతే మరెక్కడ మొదలవుతుంది? బొమ్మలగుట్ట కందాలను రాతి మీదే వేలుపెట్టి చదవగలిగిన విద్యార్థులు ప్రతి ఏడాదీ మన కళాశాలల నుంచి రావాలి. వాళ్ళే రేపటి వ్యాఖ్యాతలు.